ఇంటికి పంపండి

ఆ పొద్దున మందులక్క పెట్టుకున్న పని ఒక్కటే. షాపు తెరవగానే అరలన్నీ దించి, గడువు దాటిన మందులు ఏరి పక్కన పెట్టాలి. వీధిలో అందరూ ఆవిడను మందులక్క అనే పిలుస్తారు. ఎంత గొలుసుకట్టు రాత రాసే డాక్టరైనా సరే, చీటీ ఆవిడ ముందు పెడితే చాలు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, "ఇది దగ్గుకి, ఇది నిద్రకి, ఈ మూడోది డాక్టరుగారి సంతకం, మింగక్కర్లేదు" అని చెప్పేయగలదు. అంతటి చదువరి, పేపరు దగ్గరికొచ్చేసరికి మాత్రం శీర్షిక దాటి కిందికి దిగేది కాదు. దిగడానికి తీరికేదీ? శీర్షిక చూడగానే ఒళ్ళు మండేది, వేళ్ళు దురద పెట్టేవి.

ఫోనులో ఆవిడ పేరు "నిప్పురవ్వ". ఆ సంగతి ఇంట్లో తమ్ముడికీ తెలియదు, మరదలికీ తెలియదు. పత్రికవాళ్ళు ఏ వార్త పెట్టినా దాని కింద నిప్పురవ్వ కామెంటు పడాల్సిందే. తప్పు చేసినవాడు గుమస్తా కానీ, పంతులు కానీ, ఆవిడ తీర్పు ఒక్కటే: "ఇంటికి పంపండి." ఆ మాట కోసమే కాచుకుని కూర్చునేవాళ్ళు కూడా ఉన్నారు. రోజంతా తలనొప్పి బిళ్ళలు కత్తిరించి ఇచ్చే మనిషికి, తన మాటకు వందలమంది చప్పట్లు కొడుతుంటే ఎంత హాయిగా ఉంటుందో వేరే చెప్పాలా!

టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోను తీసింది. "నడిరోడ్డుపై బస్సు వదిలేసి వెళ్ళిన డ్రైవర్... ప్రయాణికుల పాట్లు" అన్న శీర్షిక కనబడింది. పక్కన ఎక్కడిదో పాత బస్సు బొమ్మ. మందులక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకంటే ఆవిడ తమ్ముడూ బస్సు డ్రైవరే. తల్లి పోయినప్పుడు వాడికి సరిగ్గా మాటలు కూడా రావు. తానే తల్లై పెంచి, చదువు అబ్బకపోతే డ్రైవింగు నేర్పించి, డిపోలో ఉద్యోగం వచ్చేదాకా కంటికి కునుకు లేకుండా గడిపింది. అలాంటి వృత్తికి ఇంత మచ్చా?

చకచకా కొట్టేసింది: "మా ఇంట్లోనూ ఒక డ్రైవరున్నాడు. ప్రాణం మీదికొచ్చినా సీటు దిగడు. ఇలాంటి బాధ్యత లేనివాడి చేతికి మళ్ళీ స్టీరింగు ఇవ్వకూడదు. అసలు వీణ్ణి కాదు, వీణ్ణి పెంచినవాళ్ళను అనాలి. ఇంటికి పంపండి!"

అరలు దించుదామని లేచింది కానీ ఫోను లేవనిస్తేనా? టింగు టింగుమని ఒకటే మోత. "శభాష్ నిప్పురవ్వా!" అన్నారు. "పెంపకం లోపమే, సందేహం లేదు" అన్నారు. "పెంచినావిడ గాడిదలు కాస్తూ ఉండేదేమో" అని ఒకాయన రాస్తే, మందులక్క పకపకా నవ్వి దానికి లైకు కూడా కొట్టింది. మధ్యాహ్నానికల్లా పత్రికవాళ్ళు ఇంకో వార్తే వేశారు: "డ్రైవర్‌పై నెటిజన్ల నిప్పులు." అందులో మొదటి మాట నిప్పురవ్వదే. మందులక్క గల్లాపెట్టె వెనక నిలబడి తనలో తాను మురిసిపోయి, ఆ వార్త కింద కూడా "ఇంకా పంపలేదా?" అని ఒక ముక్క పడేసింది.

అప్పుడే మరదలు పరుగులాంటి నడకతో షాపులోకి వచ్చింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"వదినా, కొంప మునిగింది. ఆయన్ని డ్యూటీ ఎక్కొద్దన్నారట!"

"ఎవర్నీ? మనవాణ్ణా? ఎందుకు?"

"పేపర్లో ఏదో పడిందట. నడిరోడ్డు మీద బస్సు వదిలేశాడని. ఎవరో నిప్పురవ్వట, ఆవిడ తిట్టిపోసిందట. డిపోలో అందరూ అదే చదువుతున్నారట. దాని నోట్లో పుళ్ళు పడ!"

"అట్లా అనకే," అంది మందులక్క, అలవాటులేని నెమ్మదితో.

ఫోను తీసి, జీవితంలో మొదటిసారి ఒక వార్తను శీర్షిక దాటి చదివింది. కింద ఒక చీరల ప్రకటన, దాని కింద ఒక ఫ్యాన్ల ప్రకటన, వాటి కింద అసలు సంగతి. రోడ్డు పక్కన ఒక పెద్దాయన గుండె పట్టుకుని కూలిపోతే డ్రైవరు చూశాడు. బస్సు పక్కకు తీసి ఆపాడు. ఆయన్ని భుజాన వేసుకుని సందులో ఉన్న ఆసుపత్రికి చేర్చి, తిరిగొచ్చి బస్సు నడిపాడు. పెద్దాయన బతికాడు. ప్రయాణికుల్లో ఒక్కాయన ఆలస్యమైందని సణిగాడు. శీర్షిక ఆయనది.

నిన్న రాత్రి భోజనాల దగ్గర తమ్ముడు ఏదో చెప్పబోవడం అప్పుడు గుర్తొచ్చింది. "అక్కా, ఇవాళ ఒక పెద్దాయన..." అన్నాడు. తను ఫోనులో ఎవరో నర్సును ఇంటికి పంపే పనిలో ఉండి "ఊఁ" అంది. వాడు మళ్ళీ "పాపం, ఆయన చెయ్యి..." అన్నాడు. తను మళ్ళీ "ఊఁ" అంది. ఇక వాడు చెప్పడం మానేసి కంచం కడుక్కుని వెళ్ళిపోయాడు.

మందులక్కకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ తను ఇంటికి పంపమన్నవాళ్ళందరికీ నిజంగానే ఇళ్ళుంటాయని, ఆ ఇళ్ళలో ఇలా మొహం పాలిపోయిన ఆడవాళ్ళుంటారని ఆవిడకెప్పుడూ తోచలేదు. ఆ నర్సు ఏం చేసిందో కూడా తనకు తెలియదు. చదవలేదుగా!

మరదలి వైపు చూడలేక, మందులు వెతుకుతున్నట్టు అర వెనక్కి వెళ్ళి, ఇలా కొట్టింది: "అందరూ వార్త పూర్తిగా చదవండి. ఆ డ్రైవరు ఒక ప్రాణం కాపాడాడు. బంగారంలాంటి మనిషి."

వెంటనే జవాబులు వచ్చిపడ్డాయి. "ఎంత ముట్టిందమ్మా?" అన్నాడొకడు. "ఈవిడెవరో నకిలీ. అసలు నిప్పురవ్వ ఇలా మాట్లాడదు" అన్నాడింకొకడు. మూడోవాడైతే, "నీకేం తెలుసు? పొద్దున నిప్పురవ్వ ఏం రాసిందో చదివి రా" అని ఆవిడకే బుద్ధి చెప్పాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పొద్దుటి కామెంటు తుడిచేసింది. అది ఇంకా పెద్ద తప్పయింది. కాసేపటికే పత్రికలో మూడో వార్త వచ్చింది: "కామెంటు తొలగించిన నిప్పురవ్వ... డ్రైవర్ బెదిరించాడా?" ఆ ప్రశ్నార్థకాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. "నిప్పురవ్వకు ఏమైనా జరిగితే ఊరుకోం" అని జనం లేచారు. డ్రైవరు కత్తి చూపించాడని ఒకరు రాస్తే, రెండు కత్తులని ఇంకొకరు దిద్దారు.

"షాపు చూస్తూ ఉండు," అని మరదలికి చెప్పి మందులక్క డిపోకు బయలుదేరింది. దారి పొడుగునా ఫోను చూసుకుంటున్న ప్రతి మనిషీ తన గురించే చదువుతున్నాడేమో అనిపించి, కొంగు తల మీదికి లాక్కుంది.

డిపో మేనేజరు గదిలో డీజిలు వాసన. గోడకు టైముల బోర్డు. బీరువా పక్కన తమ్ముడు యూనిఫారంలోనే నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. అక్కను చూసి తల ఎత్తాడు, వెంటనే దించేసుకున్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు దెబ్బలు తినబోయే ముందు కూడా అలాగే ఎర్రబడేవి.

"మీరెవరమ్మా?" అన్నాడు మేనేజరు. "ఇతని తరఫున వచ్చారా? లాభం లేదు. పొద్దున బస్సు వదిలేశాడని వచ్చింది. ఇప్పుడు ఎవరో ఆడమనిషిని బెదిరించాడని వచ్చింది. నేనేం చెయ్యను?"

"ఎవరూ బెదిరించలేదు సార్."

"మీకెలా తెలుసు?"

మందులక్క తల మీది కొంగు తీసేసింది. "నిప్పురవ్వను నేనే సార్."

మేనేజరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"పెంచినవాళ్ళను అనాలి అని రాసింది కూడా మీరేనా?"

"నేనే సార్. పెంచింది కూడా నేనే."

ఆ మాట అని ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. భూమి చీలితే అందులోకి దిగిపోదును అన్నంత సిగ్గు. "ఒరేయ్, నేను చదవలేదురా. రాత్రి నువ్వు చెప్పబోయినా వినలేదు. ఎవడో అనుకున్నా. నీ కూడు నేనే కాలదన్నాను. నన్ను తిట్టరా, ఏదో ఒకటి అను."

తమ్ముడు అక్క వైపు చూడనే లేదు. కోపమేమో అనుకుంది ఆవిడ. కానీ మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"ఏమయ్యా, ఆవిడ చెప్పేసింది. ఇక నువ్వు చెబుతావా, నన్ను చూపించమంటావా?"

"వద్దు సార్," అన్నాడు తమ్ముడు సన్నగా.

మేనేజరు తన ఫోను మందులక్క వైపు తిప్పాడు. డిపో డ్రైవర్ల గ్రూపు. అందులో నిప్పురవ్వ కామెంటు ఫొటో. దాని కింద ఇలా ఉంది: "ఈ తల్లి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇలాంటి దరిద్రుల వల్లే మనందరికీ చెడ్డపేరు. వీడెవడో కనిపెట్టి ఇంటికి పంపాలి సార్." పంపినవాడు తమ్ముడు.

"నాకు ఈ సంగతి తెలిసిందే ఇతని వల్ల," అన్నాడు మేనేజరు. "ఇంతమంది అడుగుతున్నారు కదా అని ఎంక్వయిరీ వేస్తే, తేలింది ఇతని బస్సే."

"నేనూ చదవలేదక్కా," అన్నాడు తమ్ముడు. "బస్సు వదిలేసి వెళ్ళాడంటే ఎవడో తాగుబోతనుకున్నా. నేను వదిలెయ్యలేదు కదా, పక్కకి తీసి ఆపాను కదా! ఆ రాసినావిడ భలే రాసిందని... మంచి మాట నలుగురికీ తెలియాలని..."

అక్కకూ తమ్ముడికీ ఒకరి మొహం ఒకరు చూసే ధైర్యం లేకపోయింది. చివరికి మందులక్కే అడిగింది. "సార్, మరి మీరైనా ఆ వార్త చదివారా?"

మేనేజరు టైముల బోర్డు వైపు చూశాడు. "కామెంట్లు చదివానమ్మా," అన్నాడు. "అన్నీ చదివాను."

మందులక్క కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, చీరల ప్రకటన దాటి, ఫ్యాన్ల ప్రకటన దాటి, వార్త మొత్తం పైకి చదివి వినిపించింది. తమ్ముడు ఎవరి కథో విన్నట్టు విని, "పాపం, మంచివాడే," అన్నాడు. మేనేజరు చెమట తుడుచుకుని, గుమస్తాను పిలిచి, డ్రైవరును వెంటనే పనిలోకి తీసుకోవాలని ఉత్తర్వు రాయించాడు. ఏ ముహూర్తాన ఎవరు మనసు మార్చుకుంటారోనని అక్కాతమ్ముళ్ళు తొందరపడ్డారు. మేనేజరూ సంతకం పెట్టేశాడు, తమ్ముడూ పెట్టేశాడు, సాక్షిగా మందులక్కా పెట్టేసింది.

మర్నాడు కోడి కూయకముందే డిపో నుంచి మందులక్కకు ఫోను వచ్చి, మొదటి బస్సు నడపాల్సింది తనేనని తెలిశాక గానీ, డ్రైవరు చోట తనూ, సాక్షి చోట తమ్ముడూ సంతకం పెట్టిన ఆ కాగితం ఎవరూ చదవలేదన్న సంగతి బయటపడలేదు.