దానికి చెప్పొద్దు

ఒక్క రాత్రి ప్రయాణానికి జ్ఞానాంబ కొడుకుకు సంచి సర్దింది. ఐరాల నుంచి తిరుపతి ఏమంత దూరం కాదు. పొద్దున బస్సెక్కి, కొండకు పోయి, తలనీలాలిచ్చి, దర్శనం చేసుకుని, మరుసటి సాయంత్రానికి ఆదిమూలం ఇల్లు చేరాలి. అయినా సంచిలోకి మూడు పంచెలు, ఒక దుప్పటి, జ్వరం మాత్రలు, వాము పొట్లం, పులిహోర, ఆ పులిహోర పాడైతే తినడానికి అటుకులు చేరాయి. ఇంట్లోంచి బయల్దేరే మనిషిని మళ్ళీ చూస్తానన్న నమ్మకంతో ఆమె ఏనాడూ సాగనంపలేదు. పాలు పోయడానికి పోయే మనిషినైనా వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడేది.

"ఏందిమా ఇది? నేను కొండకు పోతా ఉండానా, కాశీకి పోతా ఉండానా?" అన్నాడు ఆదిమూలం.

"మాట్లాడకుండా ఎత్తుకో. మీసం సంగతి మరిసిపోవద్దు."

అతని చెయ్యి దానంతటదే మూతి మీదికి పోయింది. "తల ఇస్తే సాలదా?"

"మొక్కినప్పుడు రెండూ మొక్కినాను."

"నా మీసం నన్నడక్కుండా యెట్ల మొక్కినావు?"

"నీ పెండ్లాం కోసమే గదరా మొక్కింది. అది బాగుంటే మీసం మళ్ళీ వస్తాది. మీసం ఉండి అది రాకపోతే ఏం సేసుకుంటావు?"

ఆదిమూలం సంచి భుజాన వేసుకున్నాడు. ఐరాల అంగళ్ళ దగ్గర ఆ మీసానికి పేరుంది. పెళ్ళినాడు కూడా దాన్ని పలచన చేయనివ్వలేదు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "మా అమ్మ పోయిన దినం తీస్తాలే. అంతదాకా దీని జోలికి రావద్దు" అనేవాడు, తల్లి ఎదురుగానే. జ్ఞానాంబ దాన్ని తనకు దక్కిన మర్యాదగానే తీసుకునేది.

మొక్కుకు కారణం లోకేశ్వరి. ఆదిమూలం భార్య. కువైట్‌లో ఒక ఇంట్లో, మంచం పట్టిన ముసలావిడకు సేవ చేసే పని ఆమెది. తొమ్మిదేళ్ళుగా రోజూ ఫోన్లో ముఖం చూపించి మాట్లాడే మనిషి, ఈమధ్య కొన్నాళ్ళు మాటే లేకుండా పోయింది. ఆ తర్వాత ఫోన్ చేసింది కానీ, కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా ముఖానికి గుడ్డ చుట్టుకుని ఉంది.

"మూతికి ఆ గుడ్డేందే?" అని జ్ఞానాంబ అడిగింది.

"దుమ్ము గాలి అత్తా. ఈడ ఇసక లేస్తా ఉండాది."

"ఇంట్లోనా?"

"కిటికీ తెరిసినాము."

లోకేశ్వరి వెనక ఉన్న తెర కదలడం లేదు. జ్ఞానాంబ అది చూసింది. మాట కూడా ముద్దముద్దగా వస్తోందని గమనించింది. ఫోన్ పెట్టేసిన తర్వాత గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "దాన్ని ఏందో సేసినారురా. మనం బయపడతామని దాసిపెడతా ఉండాది" అంది. ఆ సాయంత్రమే కొండ వైపు తిరిగి, కొడుకు తలా మీసమూ రెండూ మొక్కేసింది. ఒక హెచ్చరిక కూడా చేసింది. "మొక్కినామని దానికి చెప్పొద్దు. చెప్తే, నాకేదో పెద్ద కష్టమే వచ్చిందని వీళ్ళకు తెలిసిపోయిందే అని ఆడ ఇంకా దిగులు పడతాది."

నిజానికి జరిగింది చిన్నదే. ఆ ఇంటి ముసలావిడను అందరిలాగే లోకేశ్వరి కూడా, అరబ్బీలో అమ్మ అనే అర్థంలో, 'మామా' అని పిలిచేది. మామాను స్నానాల గదిలోంచి లేపి తెస్తున్నప్పుడు తడి నేల మీద కాలు జారింది. మామాను పడనివ్వకుండా కుర్చీలోకి తోసి, తాను ముఖం మీద పడింది. పై పెదవి చీలింది. ముందరి పళ్ళు రెండు విరిగాయి.

పక్కింట్లో పనిచేసే అమల పరుగెత్తుకొచ్చింది. అమలది పీలేరు. అరబ్బీ బాగా మాట్లాడుతుంది. తన వల్లనే దెబ్బ తగిలిందని మామా ఏడ్చి, చక్రాల కుర్చీలో తానూ ఆసుపత్రికి వస్తానని పట్టుబట్టింది. ఆసుపత్రిలో లోకేశ్వరి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కుర్చీ తోసుకుంటూ లోపలికి పోయింది. కుర్చీలో ముసలావిడ ఏడుస్తోంది. నర్సులు ఇంకేమీ అడగలేదు. మామాను ఎత్తి మంచం మీద పడుకోబెట్టి, రక్తపోటు చూసి, గుండెకు తీగలు తగిలించారు. వెంట వచ్చిన అమల ఎంత చెప్పినా, "దుఃఖంలో ఉన్నారు, మీరు బయట కూర్చోండి" అన్నారు. లోకేశ్వరి తువ్వాలు తీసి చూపించాక గానీ రోగి ఎవరో వాళ్ళకు తెలియలేదు.

పెదవికి కుట్లు పడ్డాయి. వాపు తగ్గాక పళ్ళు కట్టించుకోవచ్చని, అంతవరకు ఎక్కువ మాట్లాడవద్దని డాక్టరు చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు లోకేశ్వరి అమల చెయ్యి పట్టుకుని, "మా ఇంటికి చెప్పొద్దు. మా అత్త అన్నం మానేస్తాది" అంది.

ఫోన్ రాని రెండో రోజుకే జ్ఞానాంబ అన్నం మానేసింది.

ఆదిమూలం కొండ నుంచి తిరిగి వచ్చాడు. గంధం పూసిన గుండు, బోసి మూతి. వీధి మొదట్లో పక్కింటి నిర్మలమ్మ ఎదురై, "ఏమన్నా, కొండ మీద నిన్ను పెట్టుకోని ఇంకెవురినో పంపినారా?" అని నవ్వింది. అతను నవ్వలేదు. ఆ సాయంత్రం లోకేశ్వరి ఫోన్ వస్తుందని గుర్తొచ్చి తలకూ మూతికీ తుండు చుట్టుకున్నాడు.

"నీకేమయిందయ్యా?" అంది లోకేశ్వరి, ముసుగులోంచి.

"ఈడా దుమ్ము గాలే," అన్నాడు ఆదిమూలం, ముసుగులోంచి.

ఇద్దరూ కాసేపు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. వేసవి వానలు ఎలా ఉన్నాయని ఆమె అడిగింది. బాగున్నాయని అతను చెప్పాడు. దుమ్ము గాలి వీచే ఊళ్ళో వానలు ఎలా ఉంటాయని ఇద్దరికీ తట్టలేదు.

"అత్తకియ్యి ఫోను."

జ్ఞానాంబ గోడ పక్కనే ఉంది. కోడలి గొంతు వింటే ఏడుపు ఆగదని, తాను ఏడిస్తే కోడలు బెంబేలెత్తుతుందని, చీర కొంగు నోట్లో కుక్కుకుని వద్దు వద్దని చేతులు ఊపింది.

"నిద్రపోతా ఉండాది," అన్నాడు ఆదిమూలం.

మరునాడు మధ్యాహ్నమూ జ్ఞానాంబ నిద్రపోతూనే ఉంది. ఆ మర్నాడు సాయంత్రమూ అంతే. పగటి పూట కన్ను మూయని మనిషి. పిల్లి తోక ఊపినా లేచి కూర్చునే మనిషి.

"లేపు," అంది లోకేశ్వరి చివరికి.

"లేపొద్దని చెప్పినారు."

"ఎవురు చెప్పినారు?"

ఆదిమూలం బిత్తరపోయాడు. అబద్ధానికి ఇంకో అబద్ధం అతికించే తెలివి అతనికి ఎన్నడూ లేదు. అంతలో ఇంకో ఆపద వచ్చింది. ఆ పొద్దున అతను ఎండుమిరప తొడిమలు తీసి, చేతులు తుడుచుకున్నది ఆ తుండుతోనే. ఒక్క తుమ్ము వచ్చింది. దాని వెనకే ఇంకో నాలుగు. తుండు జారి ఒళ్ళో పడింది.

గుండు. మీసం లేని మూతి. నీళ్ళు కారుతున్న ఎర్రటి కళ్ళు. సరిగ్గా అప్పుడే అతని వెనకనుంచి నిర్మలమ్మ మూత పెట్టిన అన్నం గిన్నె ఎత్తుకుని, ఎవరినీ పలకరించకుండా వంటింట్లోకి పోయింది. కొడుకుకు పులిహోర కలిపిన తర్వాత జ్ఞానాంబ మళ్ళీ పొయ్యి వెలిగించడం లేదని ఆమే అన్నం తెచ్చి పెడుతోంది. కానీ పొయ్యి వెలగని ఇంటికి పక్కింటివాళ్ళు అన్నం ఎప్పుడు తెస్తారో లోకేశ్వరికి ఒకరు చెప్పనవసరం లేదు.

లోకేశ్వరి ఫోన్ పెట్టేసింది.

అడిగితే చెప్పరని ఆమెకు తెలుసు. ఆమె కువైట్ వచ్చిన రెండో ఏడు పూతలపట్టులో ఉన్న తల్లి చనిపోయింది. పుట్టింటివాళ్ళు ఆ మాట దినాలన్నీ అయిపోయాక చెప్పారు. ఆ పది పన్నెండు రోజులూ లోకేశ్వరి నవ్వుతూ ఫోన్ చేసింది, అమ్మ బజారుకు పోయిందంటే నమ్మింది, అమ్మకు ఏ రంగు చీర కావాలో కనుక్కోమని చెప్పింది. "నువ్వు బయపడతావని చెప్పలేదు" అన్నాడు తమ్ముడు. ఇంకొక మనిషిని ఇలా పోగొట్టుకోనని ఆమె అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

ఆమె మామా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వచ్చీరాని అరబ్బీలో తన అత్త పోయిందని చెప్పింది. మామా కొడుకు సెలవు ఇవ్వడానికి వెనకాడాడు. తల్లి ఆమె చేతి ముద్ద తప్ప ఇంకొకరి చేతిది తినదు. మామాయే కొడుకును కసిరింది. లోకేశ్వరి తల మీద చెయ్యి పెట్టి, పోయి తొందరగా రమ్మంది.

"పోయొస్తా మామా. నెలలో వచ్చేస్తా," అంది లోకేశ్వరి.

ఇంటికి తెలియజేయలేదు. తెలిస్తే ఏదో ఒకటి చెప్పి ఆపేస్తారు. చెన్నైలో దిగి, చిత్తూరుకు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఐరాల చేరింది. మిట్టమధ్యాహ్నం. చావు ఇంటికి వచ్చే ఆడమనిషి వీధి మలుపు నుంచే గొంతెత్తాలి. లోకేశ్వరి కొంగు ముఖం మీదికి లాక్కుని గొంతెత్తింది.

"అత్తా! కన్నతల్లి లేని లోటు తీర్సిన అత్తా! నన్ను సూడకుండా యాడికి పోతివి అత్తా!"

ఇంట్లో ఉన్న జ్ఞానాంబ ఆ ఏడుపు విని ఉలిక్కిపడింది. వీధిలో పోవడానికి సిద్ధంగా ఉన్న అత్త ఒక్కతే ఉంది. నిర్మలమ్మ అత్త చంద్రకాంతమ్మ. సంక్రాంతి నుంచి మంచంలోనే ఉంది. "అయ్యో, చంద్రకాంతక్క పాయె!" అంటూ జ్ఞానాంబ జుట్టు విరబోసుకుని, కొంగు ముఖానికి కప్పుకుని, శోకం పెడుతూ వీధిలోకి వచ్చింది. ఎవరు ఎవరని చూసుకునే సందర్భం కాదు. ఎదురుగా ఏడుస్తున్న మనిషిని కావలించుకుంది. ఆ మనిషి ఈమెను కావలించుకుంది. ఇద్దరూ మెడల మీద తలలు వాల్చి ఊగుతూ ఏడ్చారు.

"నా అత్త పాయెనే!"

"బంగారట్లా మనిషి పాయెనే!"

ఆ కేకలు విని చేను దగ్గరున్న నిర్మలమ్మ, తాను లేనప్పుడే అత్త ప్రాణం పోయిందని గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చి ఆ ఇద్దరినీ పట్టుకుంది. ఇంకో నలుగురు చేరారు. ఆదిమూలం గుండుతో నిలబడి ఎవరికోసం ఏడవాలో తెలియక కళ్ళు తుడుచుకున్నాడు. అందరి కంటే వెనక, గోడ పట్టుకుని, మెల్లగా చంద్రకాంతమ్మ అరుగు మీదికి వచ్చింది.

"ఎవురే పోయింది?" అంది.

ఏడుపు ఒక్కసారిగా ఆగలేదు. వెనక నుంచి ముందుకు, ఒక్కొక్క గొంతే తగ్గుతూ వచ్చింది. చివరికి మధ్యలో ఉన్న ఇద్దరే మిగిలారు. వాళ్ళు ముసుగులు తీసి చూసుకున్నారు.

"అత్తా!"

"నువ్వా! ఎప్పుడొచ్చినావే? పండ్లు యాడికి పోయినాయే?"

"నువ్వు సచ్చిపోలేదా?"

"నేనెందుకు సస్తానే?" అంది జ్ఞానాంబ, కోపంగా.

లోకేశ్వరి భర్త వైపు తిరిగింది. "మరి ఆ మీసమేందయ్యా?"

"నీ కోసమే ఇచ్చినా," అన్నాడు ఆదిమూలం. "మొక్కు."

వీధి వీధంతా నవ్వింది. జ్ఞానాంబ నవ్వలేదు. కోడలి పెదవి మీద కుట్ల గుర్తును వేలితో తడిమి చూసి, అప్పుడు నిజంగా ఏడ్చింది. ఆ పూట ఆమె తానే పొయ్యి వెలిగించింది.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. అత్త బతికే ఉందని కువైట్ ఇంటికి ఎలా చెప్పడం? అబద్ధమాడి సెలవు తీసుకున్నదనుకుంటారు. మళ్ళీ పనిలోకి రానివ్వకపోవచ్చు. లోకేశ్వరి రెండు రోజులు ఆలోచించింది.

"చెప్పొద్దులే," అంది జ్ఞానాంబ. "నేను పోయినట్లే ఉండనీ. అంత దూరంలో ఎవురికి తెలస్తాది?"

ఆ నెల ఆ ఇంట్లో బాగా గడిచింది. చిత్తూరులో పళ్ళు కట్టించారు. ఆదిమూలానికి మూతి మీద గరుకు మొలిచింది. తన కోసం కోడలు వీధిలో పెట్టిన శోకాన్ని జ్ఞానాంబ మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని విన్నది. బతికుండగా అంత మంచి మాటలు వినే యోగం ఎవరికీ ఉండదని చంద్రకాంతమ్మ అసూయపడింది. మామా ఎలా ఉందో కనుక్కుందామని లోకేశ్వరి అమలకు చాలాసార్లు ఫోన్ చేసింది. అమల పనిలో ఉన్నానని పెట్టేసేది.

నెల కావస్తుండగా అమలే చేసింది.

"అక్కా, టికెట్ తీసుకోవద్దు. మామా పోయింది."

"ఎప్పుడు?"

"నువ్వు పోయిన వారానికే. ఎవురి చేత్తోనూ ముద్ద ముట్టలేదు. నువ్వు వచ్చినావేమోనని తలుపు దిక్కే సూస్తా ఉండె. నీకు చెప్పొద్దని వాళ్ళ కొడుకు అన్నాడు. అత్త పోయిన దుఃఖంలో ఉండావు గదా, ఇదీ తెలిస్తే తట్టుకోలేవని."

వంటింట్లోంచి జ్ఞానాంబ అన్నానికి రమ్మని రెండుసార్లు పిలిచింది.

పోయొస్తానని మామాకు చెప్పి లోకేశ్వరి కువైట్‌లో ఆ ఇంటి గడప దాటింది మొన్న మే నెల మొదటి వారంలో. మళ్ళీ ఆ గడప ఎక్కలేదు.