తెల్ల రక్తకణాలకు ఉద్యోగార్హత లేదు

తెల్ల రక్తకణాలు ప్రభుత్వోద్యోగానికి ఏ విధంగానూ పనికిరావు. పాఠకులు తొందరపడి నవ్వకూడదు. ముప్పయ్యేళ్లు బాలికలకు శరీరశాస్త్రం బోధించినదానను. వాటి ప్రవర్తన నాకు బాగా తెలుసు.

మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీం తింటున్న ఒక పెద్దమనిషి చేతిరుమాలు అడ్డం పెట్టుకోకుండా తుమ్ముతాడు. వైరస్ మన ముక్కులో ప్రవేశిస్తుంది. అప్పుడు తెల్లకణం ఏం చేస్తుంది? ఇది ఏ సెక్షన్‌కు చెందిన వైరస్ అని విచారిస్తుందా? దొరగారు క్యాంపులో ఉన్నారు, సోమవారం రమ్మంటుందా? లేదు. ఎదురుపడినదానిని ఎదురుపడినట్టే మింగేస్తుంది. వైరస్ ఏదైనా కణంలో దూరి దాక్కుంటే, నోటీసు కూడా ఇవ్వకుండా ఆ కణాన్నే కూల్చేస్తుంది. మరికొన్ని కణాలు ఆ వైరస్‌కు సరిగ్గా సరిపోయే ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. టెండరు పిలవకుండానే!

ఇక జ్ఞాపకశక్తి. నా ఏడవ ఏట తట్టు పోసింది. అది మళ్లీ వస్తే గుర్తుపట్టడానికి నా కణాలు అరవయ్యేళ్లుగా సిద్ధంగా ఉన్నాయి. ఫైలు లేదు, ఫైలుకు ట్యాగు లేదు. ఇంత విచ్చలవిడితనాన్ని ఏ శాఖ సహిస్తుంది?

క్రమశిక్షణ అంటే ఏమిటో ఆబిడ్స్‌లోని ఒక కార్యాలయంలో చూశాను. పేరు రాయను, పొగడ్త వారికి గిట్టదు.

పూలమ్మ నాంపల్లిలో ఒక బాలికల పాఠశాలలో ఆయా. పందొమ్మిదేళ్ల సర్వీసు. ఈ వర్షాకాలంలో ఫ్లూ తగిలి నాలుగు రోజులు మంచం దిగలేదు. ఐదవ రోజు డ్యూటీకి వెళితే, మెడికల్ సర్టిఫికెట్ తెస్తేనే చేర్చుకుంటామన్నారు. పదిహేను రోజుల్లో తేకపోతే ఆమె స్థానంలో మరొకరిని వేస్తామన్నారు. నేను ఆ పాఠశాలలోనే పనిచేసి రిటైరయ్యాను గనుక, సాక్షిగా ఆమె వెంట దవాఖానకు వెళ్లాను. రెండు గంటలు క్యూలో నిలబడ్డాక కంపౌండరు ఆమె నోట్లోంచి థర్మామీటరు తీసి చూశాడు.

“తొంభై ఎనిమిదిన్నర. మంచిగనే ఉన్నవ్ గదా. సర్టిఫికెట్ ఎందుకు?”

అక్కడి పద్ధతి అది. సర్టిఫికెట్ రాసే క్షణాన జ్వరం ఒంట్లో హాజరుగా ఉండాలి. ఈ సంగతి ఆ పాఠశాల మీద అధికారమున్న ఆబిడ్స్ కార్యాలయానికి వెళ్లి, గుమాస్తా రామచందర్‌కు విన్నవించుకున్నాం.

“జ్వరమున్నప్పుడే పోవాలె గదా,” అన్నాడతను.

“అప్పుడు లేవనీకే చేతగాలే సారూ.”

“లేవకుంటే జ్వరమున్నట్టు సర్కారుకు ఎట్ల తెలుస్తది?”

“నాకైతే తెలిసింది సారూ,” అంది పూలమ్మ.

తప్పు ఎవరిది? నిస్సందేహంగా ఆమె తెల్లకణాలది. క్యూ ముందుకు కదిలేవరకైనా వైరస్‌ను ఉండనివ్వాలన్న ఇంగితం వాటికి లేకపోయింది. పని చకచకా ముగించి, యజమానురాలి ఉద్యోగానికి ఎసరు పెట్టాయి.

అయితే ఆ క్యూ నన్ను చల్లగా చూసింది. నా వెనక నిలబడినవారు రెండు గంటలు దగ్గిన దగ్గు వృథా కాలేదు. మూడవ రోజుకు నాకు నూట రెండు డిగ్రీలు. రిక్షాలో వెళ్లి చూపించుకున్నాను. నేను అడగకుండానే కాగితం చేతికొచ్చింది: శ్రీమతి మాబెల్ సుందర్‌రాజ్, వయస్సు అరవై ఏడు, ఫ్లూ, నాలుగు రోజులు విశ్రాంతి అవసరం. కింద గుండ్రని ఊదారంగు ముద్ర. రిటైరై పన్నెండేళ్లయిన నాకు సెలవు ఎవరివ్వాలి?

కాన్వెంట్‌లో సిస్టర్లు నాకు అబద్ధమాడవద్దని నేర్పారు. అందువల్ల అందులో ఒక్క అక్షరం దిద్దలేదు. జ్వరం తగ్గాక, దానిని ఉన్నదున్నట్టుగా పూలమ్మ దరఖాస్తుకు గుండుసూదితో గుచ్చి రామచందర్ బల్ల మీద పెట్టాను.

“ఒకసారి చదవండి బాబూ,” అన్నాను.

“ముద్ర ఉన్నది గద టీచరమ్మా, చదువుడెందుకు?”

సోమవారం పూలమ్మ డ్యూటీలో చేరింది.

ఆరు వారాలయింది. పేరు వేరు, వయస్సు వేరు, తేదీ ఆమె కోలుకున్న తరువాతది. ఆ కాగితం మీద ఇంతవరకు నలుగురు సంతకాలు చేశారట. ఎవరైనా చదివి నన్ను పిలుస్తారని రోజూ ఇస్త్రీ చీర కట్టుకుని సిద్ధంగా కూర్చుంటున్నాను. పిలవవలసింది నన్ను, పూలమ్మను కాదు. కాగితం నాదైనా, ఆమె జ్వరం నిజం.

తనవారెవరో, పరాయివారెవరో గుర్తుపట్టడమే తెల్లకణం చేసే పనంతా. ఈ కార్యాలయం పరాయి కాగితాన్ని సాదరంగా లోపలికి పిలిచింది. పందొమ్మిదేళ్లుగా తనదైన మనిషిని మింగబోయింది. అందుకని అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి ఖాళీ వచ్చినప్పుడు ఆ కుర్చీలో ఒక్క తెల్లకణాన్ని వేయండి.

దానికి అర్హత లేదంటారా? సర్టిఫికెట్ నేను తెస్తాను. ముద్ర ఉంటుంది.