కంటి పరీక్షలో ప్రథమ శ్రేణి

విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రోజూ పొద్దున్నే నడిచి, తిరిగి వస్తూ తార్నాకలో నేతి పెసరట్టు తిని, ఆ విధంగా షుగరును అదుపులో ఉంచుకుంటున్న పెద్దల సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షులు, విశ్రాంత ఆచార్యులు ఇమ్మానుయేలుగారి కోడలు బ్లెస్సీకి కంటి పరీక్ష అవసరమా, కాదా అన్నది చర్చనీయాంశం. బ్లెస్సీని ఆహ్వానించలేదు. కళ్ళు ఆమెవే అయినా విషయం పెద్దలది కదా.

బ్లెస్సీకి పెళ్ళికి ముందునుంచే షుగరు. ఇప్పుడు నాలుగో నెల. ఇలాంటివాళ్ళకి కడుపుతో ఉన్నప్పుడు కంటి వెనక పొర త్వరగా దెబ్బతినవచ్చనీ, నొప్పి కూడా తెలియదనీ, వెంటనే చూపించుకోమనీ డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ చదివింది వట్టి వైద్యం. మన సభ్యుల్లో చరిత్ర, భూగర్భశాస్త్రం చదివినవారున్నారు.

"ఇరవయ్యేళ్ళ షుగరు నాది. కంటి పరీక్షలో ఒక్క అక్షరం తప్పు పోలేదు. నిన్నగాక మొన్నటి పిల్లకి పరీక్షేమిటి? కాన్పయ్యాక చూద్దాం" అని అధ్యక్షులవారు సెలవిచ్చారు. నిజమే. ముందున్న రోగి చదువుతుంటే విని, ఆ అక్షరాల పట్టికంతా ఆయన కంఠస్థం చేశారు. ఆ తర్వాత కళ్ళలో చుక్కలు వేసి లోపల చూస్తామంటే, పాసయ్యాను కదా అని లేచి వచ్చేశారు.

"సార్ చెప్పినంక ఇగ ఏముంటది? పాసైనట్టే" అన్నాడు కార్యదర్శి బాలరాజు. తీర్మానం ఏకగ్రీవం.

బ్లెస్సీ దాన్ని గౌరవించలేదు. "నా బిడ్డ మొహం నేను చూసుకోవాలి మామయ్యగారూ" అని మెట్రో ఎక్కి కంటి ఆసుపత్రికి వెళ్ళిపోయింది. కంటి వెనక కొత్త రక్తనాళాలు మొలిచి, చిట్లడానికి సిద్ధంగా ఉన్నాయట. లేజరు చేశారు. ఇన్సులిన్ మోతాదు సరిచేశారు. చూపు నిలిచింది. పిల్లకి క్రమశిక్షణ లేదని సంఘం బాధపడింది.

ఆడపిల్ల పుట్టింది. సభ్యులు లడ్డూలతో ఇంటికి వచ్చారు. అధ్యక్షులవారు గోడ తడుముకుంటూ గదిలోకి వచ్చి, మంచం మీదికి వంగి, తువ్వాలు చుట్టిన దిండును తదేకంగా చూసి, "ముక్కు అచ్చం నాదే" అన్నారు.

పాప బ్లెస్సీ ఒళ్ళో ఉంది.

"అవ్ సార్, మీ ముక్కే" అన్నాడు బాలరాజు. సభ్యులంతా తలలూపారు. బ్లెస్సీకి మాత్రం ఏడుపు ఆగలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, "పాప ఇక్కడుంది మామయ్యగారూ. రేపే ఆసుపత్రికి వెళ్దాం, నేను తీసుకెళ్తాను" అంది.

పదిమందిలో పెద్దాయన పరువు తీసిందని అందరూ నొచ్చుకున్నారు. మీరూ నేనూ ఆ గదిలో ఉన్నా, దిండునే దీవించి, లడ్డూ తిని వచ్చేవాళ్ళం.