పదకొండో వార్డు పగడం గారు

సంద్రపేట మున్సిపాలిటీ పదకొండో వార్డు కౌన్సిలర్‌గా ఈసారి ఒక పగడం గెలిచింది. అంతకుముందు గెలిచినవాళ్లంతా నెల తిరక్కుండానే గోడ దూకి అవతలి పార్టీలో తేలినవాళ్లే. విసిగిపోయిన జనం, దూకడం చేతకాని అభ్యర్థి కోసం వెతికారు. పగడం ఒకసారి రాయికి అంటుకుందంటే బతికున్నంతకాలం వదలదని జాలర్లు హామీ ఇచ్చారు. నామినేషన్ పరిశీలించిన అధికారికి అభ్యంతరమేమీ కనబడలేదు. వయసు సరిపోయింది, కేసులు లేవు, స్థానికుడు కాదని అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

కౌన్సిల్ హాల్లో ఒక కుర్చీ తీసేసి, ఆ చోట సముద్రపు నీళ్ల అద్దాల తొట్టె పెట్టారు. ఓటు వేసే పద్ధతి మీద సర్క్యులర్ వచ్చింది. పగడం గారి ఒంటి నిండా పువ్వుల్లాంటి చిన్న చిన్న నోళ్లుంటాయి. అవి విచ్చుకుంటే అనుకూలం, ముడుచుకుంటే వ్యతిరేకం. తటస్థంగా ఉండే సౌకర్యం కల్పించలేదు.

పగడం గారికి సహాయకురాలిగా రోణంకి హైమావతిని వేశారు. ఆమె ఇల్లు కొండ మీద. అసలు పదకొండో వార్డంటేనే కొండ. పైన ఒక్క కుళాయి కూడా లేదు. ట్యాంకరు కింద ఆగుతుంది, తెచ్చినవాడికి దండం పెట్టి నీళ్లు పట్టుకుని, అక్కణ్ణుంచి బిందెలు చంకనెత్తుకుని మెట్లెక్కాలి. హైమ తల్లి అప్పయ్యమ్మకు మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. కూతురు ఆఫీసుకు వెళ్లాక ట్యాంకరు వస్తుంది కాబట్టి మోసేది ఆమే. మెట్ల మీద తల్లి ఆగి ఆగి ఎక్కడం తలుచుకుంటే హైమకు ఆఫీసులో అన్నం సహించేది కాదు.

కొండకు మంచినీళ్ల పైపులైను వెయ్యాలన్న తీర్మానం త్వరలో ఓటుకు రానుంది. గరిటె పార్టీ పైపులైను ముందంది. నిచ్చెన పార్టీ, ఊరి మొదట్లో స్వాగత తోరణం ముందంది. కౌన్సిల్లో రెండు పార్టీల బలం సమానం. ఇక తేల్చవలసింది పగడం గారే.

ఆయనకు కావలసింది పెద్దగా ఏమీ లేదు. రాతి ఒళ్లు పెంచుకోవడానికి కాస్త కాల్షియం, కాస్త వంటసోడా. సముద్రంలో ఉన్నప్పుడు రెండూ నీళ్లలోనే దొరికేవి. తొట్టెలో అయితే ఎవరో ఒకరు రోజూ కొంచెం కొంచెంగా కలపాలి. రోజూ కొంచెం ఇవ్వడమన్నది మన నాయకులకు అలవాటు లేని పని. గరిటె పార్టీవాళ్లు అధ్యక్షుడి పుట్టినరోజున మేళతాళాలతో వచ్చి కాల్షియం సీసా మొత్తం వంపేశారు. అది తెలిసి నిచ్చెన పార్టీవాళ్లు సోడా ద్రావణం డబ్బాతో ఊరేగింపుగా వచ్చారు. ఫొటోలు దిగాక రెండు పార్టీలూ చాలా రోజులు ఆ వైపు తొంగి చూడలేదు. పగడం గారు ముడుచుకుపోయారు.

హైమ కమిషనర్ దయాకర్ గారి దగ్గరికి పరుగెత్తింది.

"ఓటు రోజుకి కోలుకోకపోతే ఎలా సార్?"

"అస్వస్థతతో ముడుచుకున్నా వ్యతిరేకమే అవుతుందమ్మా. సర్క్యులర్లో కారణం రాసే గడి లేదు" అన్నాడాయన, జాలిగానే.

ఆ సాయంత్రం ఇంట్లో హైమ గడప మీద కూలబడింది.

"అమ్మా, పగడం గారు ముడుసుకుపోతన్నారే."

"ఏటయ్యింది? తిండి నేదా?"

"ఒకరోజు మీద పోసెత్తారు. మరింక వారాల తరబడి ఏటీ నేదు."

"మనకీ అంతే కదే" అంది అప్పయ్యమ్మ, మోకాలికి నూనె రాసుకుంటూ. "ఆయన మన వార్డోడే అయిపోనాడు."

వేళకు చుక్కలు వేసే యంత్రాలు నగరాల్లో దొరుకుతాయి. కానీ అంత ఖరీదైన వస్తువుకు టెండరు పిలవాలి, టెండరు ఖరారయ్యేలోపు మళ్లీ ఎన్నికలు వస్తాయి. అందుకని టెండరు అక్కర్లేనంత చవకలో ఏదైనా చేసుకోవచ్చని కమిషనర్ అనుమతిచ్చాడు. హైమ మందుల షాపులో సెలైన్ గొట్టాలు కొంది. పాత సామాన్ల కొట్లో బొమ్మ కార్లు ఏరి వాటి మోటార్లు పీకింది. మోటారు తిరిగినప్పుడల్లా చిన్న చక్రాలు మెత్తటి గొట్టాన్ని నొక్కుకుంటూ పోతే, ఆ నొక్కుడుకి ద్రావణం కొద్ది కొద్దిగా ముందుకు జరుగుతుంది. చెప్పిన వేళకు మోటారును తిప్పి ఆపడానికి అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు ఒకటి అమర్చింది. పిల్లల టానిక్ మూతలోకి చుక్కలు పట్టి, ఎంతసేపు తిరిగితే ఎంత పడుతుందో చూసుకుంది. మొదట్లో గొట్టం కొస నీళ్లలో మునిగి తొట్టె నీళ్లే సీసాలోకి వెనక్కి ఎక్కాయి. కొసను నీళ్లకు పైన కట్టాక ఆ గొడవ తీరింది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. కాల్షియం తమ కానుకనీ, కనుక ముందు అదే పడాలనీ గరిటె పార్టీ పట్టుబట్టింది. సోడా వెనక పడితే ఊరుకునేది లేదని నిచ్చెన పార్టీ హాల్లో బైఠాయించింది. అఖిలపక్షం కూర్చుని, రెండూ ఒకే క్షణంలో ఒకే గొట్టంలోంచి పడాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ రెండూ చిక్కగా ఉండగా కలిస్తే విరిగిపోతాయని హైమ చెప్పబోయింది. ఐకమత్యానికి అడ్డు రావద్దని ఆమెను కూర్చోబెట్టారు. గొట్టం కొసన రెండు పార్టీలూ కలుసుకున్నాయి. తొట్టె సున్నం కలిపిన తొట్టిలా తెల్లబడింది. అంత చక్కటి తెలుపు శాంతికి గుర్తని సభ్యులు చప్పట్లు కొట్టారు. పగడం గారు కనబడటం మానేశారు.

అందరూ వెళ్లాక హైమ ఆ తొట్టె పక్కనే కూర్చుని ఏడ్చింది. తరవాత లేచి, జాలర్లను బతిమాలి కొత్త సముద్రపు నీళ్లు తెప్పించి, పాత నీళ్లు మార్చింది. కాల్షియం పగటిపూట ఒక మూలన, సోడా రాత్రిపూట ఎదుటి మూలన పడేలా రెండు గొట్టాలు వేరుచేసింది. ఏది ముందని పార్టీలు నిలదీస్తాయని ఆమె భయపడింది. కానీ పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి తమదే ముందని గరిటె పార్టీ సంబరం చేసుకుంది. తేదీ అర్ధరాత్రే మారుతుంది కాబట్టి తమదే ముందని నిచ్చెన పార్టీ స్వీట్లు పంచింది. ఇద్దరూ గెలిచారు గనక యంత్రం జోలికి ఎవరూ రాలేదు.

ఓటు రోజు వచ్చింది. పగడం గారు ఇంకా ముడుచుకునే ఉన్నారు. అలికిడికి విచ్చుకోరని హైమ మనవి చేస్తే, చైర్‌పర్సన్ నిశ్శబ్దం పాటించమంది. ఆ హాల్లో సభ్యులు నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదటిసారి. బయటున్న కానిస్టేబుల్ ఎవరో పోయారనుకుని టోపీ తీశాడు. చాలాసేపటికి అంచున ఒక చిన్న నోరు విచ్చుకుంది. దాని పక్కది విచ్చుకుంది. చూస్తూండగా పగడం గారి ఒళ్లంతా లేత గులాబీ రంగులో తెరుచుకుని నీళ్లలో మెల్లగా ఊగింది. తీర్మానం నెగ్గింది. నిచ్చెన పార్టీ వాకౌట్ చేసింది. హైమ చీర కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగి నిలబడింది.

పైపులైను పడింది. నీళ్లు వదలడానికి వాల్వు తిప్పే మనిషి వేళకు రావడం ఊళ్లో ఎక్కడా లేదు. అందుకని కమిషనర్ ఆ పని కూడా హైమ అమర్చిన అలాంటి మరో సర్క్యూట్ బోర్డుకే అప్పగించాడు. మర్నాడు చెప్పిన వేళకు కొండ మీద కుళాయిలోంచి నీళ్లు దూకాయి. జనం బిందెలు పెట్టలేదు. బిక్కమొహాలేసుకుని నిలబడ్డారు.

"ఎవరికి దండం ఎట్టాలే?" అంది అప్పయ్యమ్మ.

"ఎవరికీ అక్కర్నేదమ్మా. వేళయింది, వొచ్చినాయి."

"దండం ఎట్టకుండా నీళ్లెలా అట్టుకుంటాం?"

ఈ ఇబ్బంది కొండంతా ఉందని కౌన్సిల్ గుర్తించింది. కుళాయి దగ్గర నిలబడి దండాలు స్వీకరించడానికి నమస్కార గ్రహీత అనే పోస్టు మంజూరైంది. సింహాచలం అనే మనిషి తెల్లచొక్కా తొడుక్కుని రోజూ వేళకు ముందే వచ్చేవాడు. జనం ఆయనకు దండం పెట్టుకుని, నిశ్చింతగా నీళ్లు పట్టుకునేవారు. ఒకరోజు ఆయన రాలేదు. నీళ్లు వచ్చాయి. జనం కాసేపు ఎదురుచూసి, ఖాళీ జాగాకు దండం పెట్టి పట్టుకున్నారు. మరోసారి రానప్పుడు అంతసేపు ఎదురుచూడలేదు.

వానలు పడే రోజుల్లో ఒక పొద్దున అప్పయ్యమ్మ బిందె నింపుకుంది. సింహాచలం చొక్కా సర్దుకుని, దండం అందుకోవడానికి నిటారుగా నిలబడ్డాడు. ఆమె చేతులు జోడించలేదు.

"బావూ, కాళీగా ఉన్నావు కదా, ఈ బిందె కాస్త ఇంటికాడ దించీ" అంది.

ఆయన అటూ ఇటూ చూశాడు. వద్దనడానికి ఉద్యోగ నిబంధనల్లో ఏమీ గుర్తురాలేదు. బిందె భుజానికెత్తుకుని ఆమె వెనకే మెట్లెక్కాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు తమ బిందెలు కూడా ఆయన వచ్చే దారిలోకి జరిపి పెట్టారు.