ఓబులేసు చేతులెత్తిన వైనం

వాన ఎప్పుడు కురవాలన్నది మబ్బుల ఇష్టం. ఎవరి మీద కురవాలన్నది మాత్రం పరిపాలనా భవనం ఇష్టం. తార్నాక చౌరస్తాకు కూతవేటు దూరంలో ఉన్న ఒకానొక విశ్వవిద్యాలయం (పేరు రాయడానికి అనుమతి కోరుతూ పెట్టిన అర్జీ ఇంకా మొదటి అంతస్తులోనే ఉంది) ఈ అధికారాన్ని ఎంత బాధ్యతగా నిర్వహిస్తుందో తెలియాలంటే, జంతుశాస్త్ర విభాగంలో పనిచేసే ఓబులేసు రెయిన్ సూట్ సంగతి తెలియాలి.

ఓబులేసుది కడప వైపు. ఇరవై రెండేళ్ల కిందట ఫీల్డ్ అసిస్టెంటుగా చేరాడు. ఉద్యోగపు ఉత్తర్వులో చివరన "మరియు ఇతర పనులు" అని ఉంటుంది చూశారా, అతని అసలు పనంతా అందులోనే ఉంది. ప్రతి మంగళవారం పొద్దున్నే క్యాంపస్ వెనకాల కుంటలోకి మోకాలి లోతు దిగి, విసురు వల వేసి చేపలు పట్టాలి. పట్టినవాటిని రకాల వారీగా లెక్కపెట్టి, పొడవు కొలిచి, మళ్లీ నీళ్లలోకి వదిలేయాలి. (పట్టిన చేపను వదిలిపెట్టడమనే ఈ పద్ధతి మీద అతని భార్య సరోజమ్మ ఇరవై రెండేళ్లుగా నిరసన తెలుపుతూనే ఉంది. స్పందన లేదు.)

ఆ లెక్కలు ప్రియాంకకు కావాలి. వానాకాలంలో కుంటలోని చేపలు ఎలా పెరుగుతాయన్నది ఆ అమ్మాయి పరిశోధన. మూడు వానాకాలాల లెక్కలుంటే పట్టా ఇస్తారు, రెండే ఉంటే శుభాకాంక్షలు చెబుతారు. రెండు అయిపోయాయి. మూడోదానిలో ఒక్క మంగళవారం తప్పినా మళ్లీ మొదటికొస్తుంది. వల తానే వేద్దామని ఆమె ఒకసారి సరదాపడింది కూడా. ఓబులేసు చేతిలో గుండ్రంగా విచ్చుకునే వల, ఆమె చేతిలో పిండిన దుప్పటిలా ముద్దగా పోయి పడింది.

చిక్కల్లా ఓబులేసు ఊపిరితిత్తులతో వచ్చింది. కిందటేడు సెప్టెంబరులో ఆఖరి మంగళవారం వల వేసి, తడిబట్టలతోనే పోయి ఆస్పత్రిలో చేరాడు. నిమోనియా. పన్నెండు రోజులు ఉంచుకుని పంపిస్తూ డాక్టరుగారు, మళ్లీ తడిస్తే ఈసారి మందులకు లొంగదని తేల్చి చెప్పారు. సరోజమ్మ అంతకంటే తేల్చి చెప్పింది.

"ఏమయ్యా, ఇంగొక్కసారి తడిసి ఇంటికొచ్చినావంటే తలుపు తీసేదే ల్యా. పోయి ఆ చేపల కాడనే పండుకో!"

ఈ ఒక్క వానాకాలం తడవకుండా దాటాలి. ఓబులేసుకు అంతకు మించిన కోరికలేమీ లేవు.

ఎలాంటి సూటు కావాలో అతనికి స్పష్టంగా తెలుసు. జూన్ రాగానే తార్నాక ఫుట్‌పాత్ మీద వేలాడే రెయిన్ కోట్లన్నీ బండి నడిపేవాళ్లను దృష్టిలో పెట్టుకుని కుట్టినవి. బండి మీద చేతులు కిందికి ఉంటాయి కాబట్టి నీళ్లు వేళ్ల మీదుగా కారిపోతాయి. వల విసిరేవాడికి అలా కుదరదు. చేతులు రెండూ భుజాల పైకి లేస్తాయి. లేచిన క్షణమే నీళ్లు మణికట్టు దగ్గర లోపలికి దూరి, చంక దాకా ప్రయాణం చేసి, అక్కడి నుంచి ఛాతీ మీదికి దిగుతాయి. అందుకని ఏప్రిల్లోనే మూడు వాక్యాల్లో అర్జీ రాశాడు. మణికట్టు దగ్గర బిగువుగా ఉండాలి. కుట్ల మీద లోపలివైపు టేపు అతికించి ఉండాలి. ప్యాంటు ఛాతీ దాకా వచ్చి భుజాల మీది పట్టీలతో నిలవాలి.

అర్జీ పరిపాలనా భవనంలో సెక్షన్ ఆఫీసరు సోమయాజులు దగ్గరికి చేరింది. ఆయనది రాజమండ్రి. ఆయన రాసే తిరస్కరణ కూడా శుభలేఖలా ఉంటుందని పేరు.

"చూశానండీ ఓబులేసు గారూ, చాలా బాగా రాశారు. కానీ మీరు తడుస్తున్నట్టు ఆధారమేదండీ?"

"వానలో నిలబడితే తడుస్తాం గదా సార్."

"అది మీ అభిప్రాయమండీ. ఫైల్లో అభిప్రాయాలు నిలబడవు. యాప్ ఉంది కదా, అందులో తడిసిన ఫోటో ఒకటి పెట్టేయండి."

ఏప్రిల్ నెల. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. ప్రియాంక ప్రయోగశాల వెనక కుళాయి దగ్గర ఓబులేసును నిలబెట్టి రెండు బకెట్ల నీళ్లు తలమీద గుమ్మరించి ఫోటో తీసింది. యాప్ చూసి, "ముఖం గుర్తింపు కార్డుతో సరిపోలలేదు. తల తుడుచుకుని మళ్లీ ప్రయత్నించండి" అంది. తుడుచుకున్నాడు. "తడి కనిపించడం లేదు" అంది. తొమ్మిదోసారికి మెడ పైన పొడిగా, మెడ కింద తడిగా ఉండే ఒక మధ్యేమార్గం దొరికింది. యాప్ పచ్చరంగు టిక్కు పెట్టి, నిత్యం ఇలాగే ఉండాలని ఆకాంక్షించింది.

"అన్నా, ఈ గోలంతా ఎందుకు, నేనే ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పిస్తా" అని ప్రియాంక అనకపోలేదు. కానీ నిబంధన పద్నాలుగు (ఇ) అడ్డొచ్చింది. దాని ప్రకారం, సొంత దుస్తుల సాయంతో పొడిగా ఉన్న ఉద్యోగి ఆ సమయంలో విధి నిర్వహణలో ఉన్నట్టు పరిగణించబడడు. అలాంటివాడు పట్టిన చేపలు కూడా పట్టినట్టు కాదు. (తడిసి పట్టినవి చెల్లుతాయి.)

మే నెలలో వర్షరక్షక దుస్తుల ఎంపిక సంఘం ఏర్పడింది. ఏడుగురు సభ్యులు. పైకప్పు ఉన్న చోట కారు నిలుపుకొనే హక్కు కనీసం పదేళ్లుగా ఉన్నవారే ఇందుకు అర్హులు. మొదటి సమావేశంలో రంగు చర్చకు వచ్చింది. పసుపు వద్దన్నారు, దూరం నుంచి కనిపిస్తుందట. ఆకుపచ్చ వద్దన్నారు, చేపలు నాచు అనుకుని మోసపోతాయట. ముదురు నీలం ఖాయం చేసి, పెన్ను పెట్టుకునే జేబు ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మణికట్టు ప్రస్తావన ఎజెండాలో లేదు.

రెండో సమావేశంలో నమూనాల పరీక్ష. దీన్ని సెమినార్ హాల్లో, ఏసీ వేసి నిర్వహించారు. తడిసిన నమూనాను సరఫరాదారు వెనక్కి తీసుకోడు కాబట్టి రెయిన్ సూట్లను పొడిగానే పరీక్షించాలని నియమం. మూడు సూట్లు బల్ల మీద ఉన్నాయి. ఓబులేసు మొదటిది తొడుక్కుని, వల విసురుతున్నట్టు చేతులు లేపబోయి ఆగాడు.

"వదులుగా ఉంది సార్. చెయ్యెత్తితే నీళ్లు సక్కగా సంకలోకి పోతాయి."

రెండోదీ అంతే. మూడోది వేసుకున్నాడు. మణికట్టు దగ్గర మెత్తని రబ్బరు పట్టీ చర్మానికి అతుక్కుంది. ఓబులేసు రెండు చేతులూ పైకెత్తాడు. దించి మళ్లీ ఎత్తాడు. చేతులు అలా పైనే ఉంచి, పెళ్లినాడు కూడా నవ్వనంత నిండుగా నవ్వాడు.

"ఇది సాలు సార్! ఇది సాలు!"

సభ్యులు చప్పట్లు కొట్టారు. సోమయాజులు మినిట్స్ రాసుకున్నారు. ఆశ్చర్యం ఏమిటంటే, జూలై రెండో వారానికల్లా ఆ మూడో సూటు నిజంగానే స్టోర్సుకు వచ్చేసింది. (దీని మీద తర్వాత విచారణ జరిగింది. ఇంత త్వరగా ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు.)

ఆ మధ్యలో కురిసిన వానలకు సరోజమ్మ ఆగలేదు. యూరియా బస్తాలు రెండు కడిగి ఆరబెట్టి, లోపల ప్లాస్టిక్ షీటు వేసి, తల మీదికి ముసుగు పెట్టి ఒక అంగీ కుట్టింది. పాత సాక్సుల మెడలు కత్తిరించి ముంజేతుల దగ్గర బిగించింది. కుట్ల దగ్గర కొంచెం కారినా మణికట్టు దగ్గర మాత్రం చుక్క దిగేది కాదు. నిబంధన సంగతి అడిగితే, అది దుస్తులు కాదని, బస్తా అని ఆమె వాదన. నిబంధనల్లో బస్తా లేదు.

సూటు వచ్చిందని తెలియగానే ఓబులేసు స్టోర్సుకు పరుగెత్తాడు. స్టోర్‌కీపరు రాజలింగం గాజు బీరువాలో వేలాడుతున్న సూటును చూపించాడు.

"మస్తున్నదన్నా, సూడు. కానీ నీకు ఇయ్యరాదు."

"ఏంటికి?"

"మినిట్స్‌ల గిట్ల రాసిన్రు మరి." రాజలింగం కాగితం తీసి, వేలు పెట్టి చదివాడు. "మూడవ సూటు ధరించిన పిమ్మట సదరు ఉద్యోగి చేతులెత్తేశారు. నువ్వే నాతోని కాదని చేతులెత్తేసినంక సూట్ ఎవలకియ్యాలె? ఎవలన్నా దొరికేదాంక పైలంగ ఉంచుమన్నరు."

ఓబులేసు అక్కడి నుంచి తిన్నగా సోమయాజులు దగ్గరికి పోయాడు.

"సార్, నేను చేతులెత్తింది వల ఇసిరేదానికి!"

"అవునండీ, ఎత్తారు. నేను రాసిందీ అదే కదండీ."

"మీరు ఎత్తేశారని రాసినారు సార్. ఎత్తేది యేరు, ఎత్తేసేది యేరు."

సోమయాజులు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "ఎత్తారు అని రాస్తే పని సగంలో ఆగినట్టుంటుందండీ. మీరు పూర్తిగా ఎత్తారు కదా అని, గౌరవంగా ఎత్తేశారు అన్నాను. పోనీ, తెలుగు శాఖ అభిప్రాయం తెప్పిద్దామండీ."

తెలుగు శాఖ నెల రోజులు ఆలోచించి ఎనిమిది పేజీల అభిప్రాయం పంపింది. ఎత్తుట, ఎత్తివేయుట రెండూ సాధువులేననీ, ఉద్యోగి మనసులో ఏముందో వ్యాకరణం చెప్పజాలదనీ దాని సారాంశం. ఇక మిగిలింది మినిట్స్ సవరణ. అందుకు ఏడుగురూ మళ్లీ కూర్చోవాలి. ఆగస్టులో ఒకసారి, సెప్టెంబరులో రెండుసార్లు తేదీలు ప్రకటించారు. మూడుసార్లూ నోటీసు బోర్డు మీద ఒకే కాగితం కనిపించింది. "భారీ వర్షాల కారణంగా వర్షరక్షక దుస్తుల సంఘం సమావేశం వాయిదా వేయడమైనది."

బస్తా అంగీతో పదహారు మంగళవారాలు గడిచాయి. దగ్గు మొదలైంది గానీ ఓబులేసు దాన్ని సరోజమ్మ ముందు మింగేసేవాడు. పదిహేడోది ఆఖరిది. ఆ పొద్దున కుండపోత. వల భుజాన వేసుకుని కుంటకు పోతుంటే స్టోర్సు గుమ్మంలోంచి రాజలింగం కేకేశాడు.

"ఓబులేసన్నా! జర ఆగన్నా! కప్పు కారుతున్నది! బీరువ మీదికెంచి నీళ్లు లోపలికి పోతున్నయి, సూట్ తడుస్తదన్నా!"

"రెయిన్ సూట్ తడిస్తే ఏమైతాదన్నా?"

"అయ్యో, తడిస్తే వాడినట్లు లెక్క. పర్మిషన్ లేకుండ వాడిన సూట్‌ను కండెం చేసి పారేస్తరు. మల్ల కొత్తది గావాలంటే మొదటి నుంచి అర్జీ పెట్టాలె, యాప్ల ఫోటో పెట్టాలె."

ఓబులేసుకు కుళాయి, రెండు బకెట్లు, తొమ్మిది ఫోటోలు కళ్లముందు కదిలాయి. వచ్చే ఏడైనా ఆ సూటు తన ఒంటి మీదికి వస్తుందన్న ఆశ ఒకటి ఉందే, అది పాడుది. అతను ఇంకేమీ మాట్లాడకుండా బస్తా అంగీ విప్పాడు. బీరువా తెరిచి, ముదురు నీలం సూటు మీద దాన్ని జాగ్రత్తగా కప్పాడు. ముసుగు సరిచేశాడు. సాక్సు మెడల్లోకి సూటు చేతులు దూర్చి బిగించాడు. తర్వాత ఒట్టి చొక్కాతోనే కుంటకు పోయి, వానలో పద్నాలుగుసార్లు వల విసిరాడు.

"అన్నా, వద్దు, బయటికి రాన్నా! పట్టా లేకపోతే పోయింది!" అని ప్రియాంక గట్టు మీద నిలబడి ఏడుస్తూ అరిచింది. ఏడుస్తూనే లెక్క రాసుకుంది. పరకలు నూటపదకొండు, జెల్లలు ముప్పై నాలుగు. మూడో వానాకాలం పూర్తయింది.

అక్టోబరు మొదటి వారంలో ఎండ బాగా కాస్తున్న ఒక రోజు సంఘం సమావేశమై, తుది నివేదికను ఆమోదించింది. ఎంపిక చేసిన సూటు అత్యంత నాణ్యమైనదని, సీజను మొత్తంలో దాని లోపలికి ఒక్క చుక్క నీరు కూడా చేరలేదని అందులో రాశారు. సభ్యులు ఒకరినొకరు అభినందించుకున్నారు. సోమయాజులు ఆ ప్రతిని స్వయంగా ఆస్పత్రికి తీసుకొచ్చి, యాపిల్ పళ్లతో కలిపి సరోజమ్మ చేతికిచ్చారు. సరోజమ్మ పళ్లు తీసుకుంది.

ఓబులేసు అప్పటికి ఎక్స్‌రే గదిలో ఉన్నాడు. ఛాతీకి పక్క నుంచి ఒకటి తీయాలని, రెండు చేతులూ పైకెత్తమని టెక్నీషియన్ చెప్పాడు. ఓబులేసు ఎత్తలేదు. గదంతా ఒకసారి కలయజూశాడు. మూలన బల్ల మీద రిజిస్టరు, దాని మీద మూత తీసిన పెన్ను ఉన్నాయి.

"ఎత్తుతా నాయనా," అన్నాడు దగ్గు ఆపుకుంటూ. "ఎత్తినాడని రాసుకో. ఎత్తేసినాడని మాత్రం రాయొద్దు."