పంటు మీద పెన్సిల్ కేసు

...కాబట్టి తనకు తప్ప ఈ నేరం ఇంకెవరికీ కనబడదు. ఇది నాగేంద్రబాబుకు కొత్త కాదు. మేధావికి ఒంటరితనం తప్పదని ఎనిమిదో తరగతిలోనే గ్రహించాడు. రాజోలులో టార్పాలిన్ల కొట్టు లోకం కోసం, అపరాధ పరిశోధన తన కోసం. ఇంతవరకు రెండు కేసులు చేపట్టాడు. రెండింట్లోనూ పోయిన వస్తువు తనింట్లోనే దొరికింది.

సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం వైపు పంటు గోదావరి దాటుతోంది. మోటారు సైకిళ్ళ మధ్య నిలబడ్డ ఒకామె ప్రయాణికుల్ని చూస్తూ పుస్తకంలో పెన్సిల్ ఆడిస్తోంది. ఎవరైనా తల తిప్పితే చప్పున నీళ్ళకేసి చూస్తోంది. నాగేంద్రబాబు నల్లకళ్ళద్దాలు సర్దుకుని, జేబు పుస్తకం తీసి ఆమె ఆనవాళ్ళు రాసుకున్నాడు. తను చూస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదనే ఆ కళ్ళద్దాలు. తన్నెవరైనా చూస్తే ఏం కనబడుతుందోనన్న భయం కూడా కొంత ఉంది గాని, అది కేసుకు సంబంధించినది కాదు.

చిక్కుముడి విడిపోయింది! మొహాలు గీసుకుంటోంది, దొంగ పాస్‌పోర్టులకు! ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండే కోనసీమలో తప్ప మొహాలకు ఇంత గిరాకీ ఎక్కడుంటుంది?

పక్కనే రొయ్యల తట్టతో కూర్చున్న పాపాయమ్మ చెవిలో, "మామ్మగారూ, మొహం కప్పుకోండి. రేపీపాటికి మీ మొహం మస్కట్‌లో దిగుతుంది," అన్నాడు.

"ఆయ్, దాన్నైనా వెళ్ళనివ్వండి బాబూ. నేనెలాగూ వెళ్ళలేకపోయేను."

నాగేంద్రబాబు ముందుకు నడిచాడు. "ఆ పుస్తకం ఇలా ఇవ్వండి. రేవు దిగగానే పోలీసులకు అప్పగిస్తాను."

ఆమె దాన్ని గుండెకు అదుముకుంది. "వద్దండీ బాబూ! నా బతుకంతా అందులోనే ఉందండీ!"

"నేరస్థులందరూ అదే అంటారు," అన్నాడు, ఒక్క నేరస్థుణ్ణీ ఎరగకపోయినా.

అంతలో పంటు ఒడ్డుకు ధడేలున తగిలింది. పరిశోధకుడు వెళ్ళి రొయ్యల తట్టలో పడ్డాడు. రెండు పుస్తకాలూ కింద పడ్డాయి. ఒకటి పాపాయమ్మ అందుకుని, తెరిచి, పగలబడి నవ్వింది. కొమ్ములు, కోరలు, వేలాడే నాలుక. వాటి మధ్య అచ్చంగా నాగేంద్రబాబు.

"మీరేనండీ బాబూ!"

"నా పేరు వీరదుర్గండీ," అంది బొమ్మలామె. "కట్టే ఇళ్ళకు దిష్టిబొమ్మలు వేస్తానండీ. సాయంత్రానికి ఒకటివ్వాలండీ."

"నన్నడక్కుండానా?"

"అడిగితే నవ్వుతారండీ. నవ్వే మొహానికి దిష్టి ఆగదండీ." తల దించుకుంది. "తప్పేనండీ." అప్పుడు తన చేతికి దొరికిన రెండో పుస్తకం, అతని జేబు పుస్తకం, కేసి చూసింది. "మరి మీరు నన్నడిగేరాండీ?" మెల్లగా చదివింది. "వయసు ముప్పై. తెగిన చెప్పుకు పిన్నీసు. ఇంట్లో ఎవరూ పట్టించుకోని మనిషి."

మోటారు సైకిళ్ళన్నీ ఒక్కసారి స్టార్టయ్యాయి. ఆ మోతలో ఏమీ వినబడనట్టు నటించవచ్చు. నాగేంద్రబాబు నటించలేకపోయాడు. ఆమె తనకు కొమ్ములు పెట్టింది గాని, తనలా తీర్పు రాయలేదు. పైగా కళ్ళ చోటు ఖాళీగా వదిలేసింది.

"అవి కనబడలేదండీ," అంది వీరదుర్గ. "ఇప్పుడడుగుతున్నానండీ. గీసుకోనాండీ?"

నాగేంద్రబాబు మీసం మీది రొయ్యను తీసి తట్టలో వేశాడు. తర్వాత నల్లకళ్ళద్దాలు తీసేశాడు.