పది లక్షల సభ్యులూ, ఒక తలుపూ

కాంపౌండరుకి చాలా ఏళ్ళుగా ఒక సందేహం. కంప్యూటరు ఆటలో తుపాకి దెబ్బ తగిలినవాడు నేలమీద పడతాడు. పన్నెండు సెకన్లలోగా సాటివాడెవరైనా వచ్చి, పక్కన మోకాళ్ళమీద కూర్చుని మందు వేస్తే లేస్తాడు. ఎవరూ రాకపోతే మాయమైపోతాడు, ఆ ఆటకి ఇక లేడు. మరి ఆ పన్నెండు సెకన్లూ వాడు ఉన్నట్టా, పోయినట్టా?

పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు కూడా ఈ ప్రశ్న అడ్డొచ్చేది. దేవుడు ఏమీ చెప్పలేదు. భార్యనడిగితే, "భోజనానికి పిలిచినా లేవకపోతే పోయినట్టే. లేవండి, చల్లారిపోతోంది" అంది.

నిజానికి ఆయన కాంపౌండరు కాడు. స్కూలు బస్సు డ్రైవరు. పిల్లల్ని బళ్ళో దించాక సాయంత్రం బడి విడిచేదాకా ఖాళీ. బస్సుని కళ్ళజోళ్ళ షాపు పక్క సందులో పెట్టి, ఆ షాపు వెనకగదిలో కంప్యూటరు ముందు కూర్చునేవాడు. దేశం ఇవాళ గర్వంగా చెప్పుకుంటున్న వెబ్‌సైటు పుట్టింది ఆ గదిలోనే.

కళ్ళజోళ్ళ షాపాయనకి ఒక పద్ధతుండేది. కొత్త అద్దాలు బిగించాక అందరిలాగా గోడమీద అక్షరాలు చదివించేవాడు కాదు. వెనకగదిలో ఆట ముందు కూర్చోబెట్టి, "దూరంగా ఆ గోదాము మేడమీద కిటికీలో మనిషి కనిపిస్తున్నాడా?" అనడిగేవాడు. కనిపిస్తే అద్దం కుదిరినట్టు. కనిపించకముందే ఆ మనిషి మనల్ని కాల్చేస్తే అద్దం నంబరు కొంచెం పెంచేవాడు.

డ్రైవరు మొదటిసారి అలాగే కూర్చున్నాడు. "కనిపిస్తున్నాడండి" అంటూండగానే కిటికీలో మనిషి కాల్చాడు. డ్రైవరు బొమ్మ గోదాము ముందు వెల్లకిలా పడింది. ఏ మీట నొక్కాలో తెలీదు. అప్పుడు గోదాము గుమ్మంలోంచి ఒకడు తూటాల మధ్య పరిగెత్తుకొచ్చాడు. నెత్తిమీద వాడి పేరు రాసుంది: తలుపు. మోకాళ్ళమీద కూర్చుని డ్రైవరుని లేపాడు. లేపుతుండగా తూటా వాడికే తగిలింది. పడిపోయి, తెరమీద ఒక ముక్క టైపు చేశాడు: "ఫర్వాలేదు అన్నయ్యా, రేపు నన్ను నువ్వు లేపుదువుగాని."

డ్రైవరుకి అప్పటికి లేపడం రాదు. ఆయన మీటలు వెతుక్కుంటూండగానే తలుపు మాయమైపోయాడు.

మర్నాడే డ్రైవరు మందుల పెట్టె తగిలించుకున్నాడు. తుపాకి ముట్టుకోలేదు. ప్రాణం బొమ్మదైనా తీసే హక్కు తనకెక్కడిదని ఆయన బాధ. పడినవాళ్ళని లేపుతూ తిరిగేవాడు. వాళ్ళు లేచి ఇంకొకరిని పడగొట్టేవారు. వీళ్ళనీ వెళ్ళి లేపేవాడు. ఆటలో అందరూ ఆయన్ని కాంపౌండరని పిలవడం మొదలెట్టారు. ఎంతమందిని లేపాడో ఆయనకే తెలీదు. తలుపుని మాత్రం లేపలేకపోయాడు. తలుపు ఎప్పుడూ గుమ్మంలోనే నిలబడి కాపు కాసేవాడు, సామాన్యంగా పడేవాడు కాదు. పడ్డ రోజున కాంపౌండరు ఆటలోని ఊరికి అవతలి చివర ఉండేవాడు, లేదా బడి విడిచే వేళయ్యేది. ఆ మనిషిది ఏ ఊరో, ఏ పనో, ఆడో మగో కూడా తెలీదు. అన్నయ్యా అన్నాడు కాబట్టి తమ్ముడనుకున్నాడు.

గోదాము కిటికీ అద్దం తూటాకి పగులుతుందా పగలదా అని షాపులో వాదనలు ముదిరి, అసలు బేరాలు దెబ్బతింటూంటే షాపాయన ఆ వాదనలకోసం ఒక వెబ్‌సైటు పెట్టాడు. పేరు గురి. ఆట నడిచే సర్వరూ దానికే తగిలించాడు. నలభై చిల్లర సభ్యులు. అందరూ ఆయన దగ్గర కళ్ళజోడు చేయించుకున్నవాళ్ళూ, వాళ్ళ వాళ్ళూ.

ఇంతలో మంత్రిగారికి చత్వారం వచ్చింది.

సామాన్యుడి షాపులోనే కళ్ళజోడు చేయించుకోవాలన్నది మంత్రిగారి సిద్ధాంతం. ఫొటోగ్రాఫర్లతో సహా వచ్చారు. వెనకగది తెరమీద సభ్యుల పేర్లు చూసి కొత్త కళ్ళజోడు సవరించుకున్నారు.

"వీళ్ళంతా ఎవరి మనుషులయ్యా?"

"ఎవరి మనుషులూ కాదండి. ఆడుకుంటారు."

"మరి ఎవరు చెబితే పోగయ్యారు?"

"ఎవరూ చెప్పలేదండి."

నలభై మంది ఒక చోట చేరడమూ, ఎవరికీ చెందకుండా ఉండడమూ మంత్రిగారిని కలచివేశాయి. ఆ సాయంత్రమే ప్రకటన వెలువడింది: "మన దేశంలో ఆడుకునేవాళ్ళు ఇక అనాథలుగా ఉండడానికి వీల్లేదు. గురి వెబ్‌సైటుని ప్రభుత్వం అక్కున చేర్చుకుంటోంది. ఏడాదిలో పది లక్షల సభ్యులు మన లక్ష్యం." పేపర్లు ఈ వార్తని మొదటి పేజీలో వేశాయి. మంత్రిగారికి కళ్ళజోడు కూడా బాగా నప్పింది.

ఛైర్మన్‌గా సమర్థుడికోసం దేశమంతా గాలించి, చివరికి మంత్రిగారి బావమరిదిని ఎంపిక చేశారు. బావమరిదిగారికి ఆటలంటే ప్రాణం. మొదటి సమావేశంలోనే, ఇందులో బంతి ఎవరి దగ్గరుంటుందని అడిగి తన శ్రద్ధ చాటుకున్నారు. షాపాయన్ని గౌరవ సలహాదారుగా నియమించి, సలహాలు లిఖితపూర్వకంగా మాత్రమే ఇవ్వాలని కోరారు.

ఆ తర్వాత గురి పెరిగిన తీరు ఎంత చెప్పుకున్నా తక్కువే. కుళాయి కనెక్షన్‌కి వెళ్ళినవాళ్ళని గురి సభ్యత్వం నంబరు అడిగారు. నంబరు లేనివాళ్ళకి అక్కడికక్కడే ఇచ్చారు. ఆస్పత్రిలో బిడ్డ బయటపడగానే బరువు చూసి, సభ్యుడిగా చేర్చుకుని, తర్వాత తల్లికి చూపించారు. పోయినవాళ్ళ పేర్లు మాత్రం తీసెయ్యలేదు. పెద్దలపట్ల ప్రభుత్వానికి గౌరవం ఉంది. కరెంటు బిల్లు కట్టడానికి వెళ్ళిన కాంపౌండరు భార్య మహిళా విభాగం ఉప కన్వీనరై ఇంటికొచ్చింది.

"ఆటలో ఇక నేను మీకు పై అధికారినట" అంది చెప్పులు విప్పుతూ.

"ఇంట్లో ఏమన్నా మారుతుందా?"

"ఇంట్లో ఏం మారుతుంది? ఎప్పుడూ ఉన్నదేగా."

వెబ్‌సైటు కూడా ముఖం మార్చుకుంది. మొదటి పేజీలో మంత్రిగారి ఫొటో, దానికింద శుభాకాంక్షలు, ఆ శుభాకాంక్షలకి ధన్యవాదాలు. గోదాము కిటికీ వాదనని వివాదాస్పదమని తొలగించారు. ఆట ఎక్కడుందో కనిపెట్టాలంటే చాలా కిందికి వెళ్ళాలి. అక్కడా వార్డు నంబరు కొడితేగాని గేటు తెరుచుకోదు. తలుపుకి వార్డు లేదు కాబోలు, ఆ రోజునుంచి కనిపించడం మానేశాడు. కాంపౌండరు రోజూ గోదాము గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఎవరూ లేకపోతే కాసేపు తనే నిలబడి వచ్చేవాడు.

ఒకరోజు ఆయనకి క్రమశిక్షణ సంఘం నోటీసొచ్చింది. కొత్త ఆఫీసులో ఛైర్మన్‌గారు స్వయంగా విచారించారు.

"మీరు చేరి ఇన్నేళ్ళయింది. ఒక్క శుభాకాంక్ష లేదు. ఒక్క ధన్యవాదం లేదు. సైటులోకొచ్చి మీరు చేస్తున్నదేమిటి?"

"ఆడుతున్నానండి."

"అది రికార్డులోనూ ఉంది. మీరు ఒప్పుకుంటున్నారన్నమాట."

కాంపౌండరు ఒప్పుకున్నాడు. పనిలో పనిగా, తలుపు అనే సభ్యుడి జాడ చెప్పగలరా అని అడిగాడు.

"ఏ వార్డు?"

"తెలీదండి. మనిషినెప్పుడూ చూళ్ళేదు. ఒకసారి నేను పడిపోతే లేపాడు."

"ఎక్కడ పడ్డారు?"

"గోదాము ముందండి."

"ఆస్పత్రికి వెళ్ళారా?"

"లేదండి, ఆయన పోయాడు."

ఛైర్మన్‌గారు మంచి మనిషి. కళ్ళజోడు తీసి రెండు నిమిషాలు మౌనం పాటించారు. తర్వాత కాంపౌండరుని సస్పెండ్ చేశారు.

పది లక్షలకి ఇంకా కొంత తక్కువుందనగా పెరుగుదల నెమ్మదించింది. కారణాలు కనుక్కోవడానికి వేసిన నిపుణుల సంఘం కొండప్రాంతంలో బస చేసి, చల్లటి వాతావరణంలో ఆలోచించి, నివేదిక ఇచ్చింది. ఆడే సభ్యుడు ఆడుతున్నంతసేపూ శుభాకాంక్షలు చెప్పడం లేదు. కాబట్టి గురి అభివృద్ధికి ఉన్న ఒకే ఒక్క ఆటంకం ఆట. దాన్ని తీసేస్తే సైటు తేలికపడుతుంది. మంత్రిగారు ఈ సాహసోపేతమైన సిఫార్సుని వెంటనే ఆమోదించారు. పది లక్షల సభ్యుల మహాసభలో ఆయనే ఆఖరి ఆట ఆడి, తన చేత్తోనే సర్వరు ఆపేస్తారని ప్రకటించారు.

ఆ మాట విని కాంపౌండరు షాపుకి పరిగెత్తాడు. ఆట ఆగిపోతే తలుపుని ఎక్కడ వెతకాలి? ఎక్కడ లేపాలి? షాపాయన తుడుస్తున్న అద్దం పక్కన పెట్టాడు. "గేటుమీద ఒక కబురు పెట్టాను. ఆఖరి ఆట ఆదివారం పొద్దున అని. మంత్రిగారి వార్డు నంబరు ఎవరికీ తెలియక, ఆ ఒక్క పూటకీ గేటు అందరికీ తెరిచి ఉంచమన్నారు" అన్నాడు. "వస్తాడంటారా?" అంటే, "వాడు వచ్చినా నువ్వు సస్పెండయ్యావుగా" అన్నాడు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. జనాన్ని తీసుకురావడానికి స్కూలు బస్సులన్నీ తీసుకున్నారు కాబట్టి కాంపౌండరు కూడా వచ్చాడు. తన బస్సులో సభ్యుల్ని దించి, గోడవార నిలబడ్డాడు. వేదికమీద గోడంత తెర. తెర పైన బ్యానరు: పది లక్షలు. మహిళా విభాగం రెండో వరుసలో ఆయన భార్య బ్యాడ్జీ పెట్టుకుని కూర్చుంది.

మంత్రిగారు ఒంటరిగా ఆడడం మర్యాద కాదని, తోడుగా ఒక సభ్యుడు కావాలన్నారు. ఛైర్మన్‌గారు రాష్ట్ర కన్వీనర్లని చూశారు. వాళ్ళు జిల్లా కన్వీనర్లని చూశారు. చూపు అలా వరుసలు దాటుకుంటూ వెనక్కి పోయింది. ఆడడం ఎవరికీ రాదు. చివరికి గౌరవ సలహాదారు లిఖితపూర్వకంగా ఒక సలహా ఇచ్చాడు. కాంపౌండరు సస్పెన్షన్‌ని ఆ ఒక్క ఆటకి ఎత్తేశారు. ఆయన రెండో కంప్యూటరు ముందు కూర్చుని, కళ్ళుమూసుకుని దేవుణ్ణి తలుచుకుని, మందుల పెట్టె తగిలించుకున్నాడు.

ఆట మొదలైంది. తెర మూలని చిన్న అక్షరాలు: ఆటలో ఉన్నవారు: 3.

కుడివైపు, గోదాము గుమ్మంలో ఒకడు నిలబడి ఉన్నాడు. నెత్తిమీద పేరు చదవడానికి అద్దాలు తుడుచుకోవలసిన పని లేకపోయింది.

మంత్రిగారు నడక మీట గట్టిగా నొక్కిపెట్టారు. ఆయన బొమ్మ గిరగిరా రెండుసార్లు తిరిగి, శత్రువులున్న మైదానం మధ్యకి నేరుగా వెళ్ళి నిలబడింది. చెయ్యి ఊపే మీట ఏదని అడిగారు. కిటికీలో కంప్యూటరు శత్రువుకి ఆయన పదవి తెలీదు. కాల్చింది. అదే సమయంలో, ఆ మూడో మనిషి ఎన్నడూ వదలని గుమ్మం వదిలి ఆయన్ని కాపాడడానికి పరిగెత్తాడు. దారిలోనే వాడికీ తగిలింది.

ఎడమవైపు మంత్రిగారు. కుడివైపు తలుపు. ఇద్దరూ నేలమీద. ఇద్దరి మీదా పన్నెండు నుంచి అంకెలు తగ్గుతున్నాయి. ఒక్కరిని లేపడానికే వ్యవధి.

హాల్లో చప్పట్లు మోగాయి. ఆట అంటే ఇలాగే ఉంటుందనుకున్నారు. "మంత్రిగారు నేలమీద పడుకుని సామాన్య సభ్యుడి కష్టాన్ని స్వయంగా అనుభవిస్తున్నారు" అని మైకులో వివరించారు. ఛైర్మన్‌గారు మాత్రం కాంపౌండరు చెవిదగ్గరికి వంగారు.

"ఎడమవైపు. ఎడమవైపు వెళ్ళు."

కాంపౌండరు కదల్లేదు.

"వినపడ్డం లేదా? సస్పెన్షన్ శాశ్వతంగా ఎత్తేయిస్తాను. రాష్ట్ర కన్వీనర్ని చేస్తాను."

మంత్రిగారు మీటలన్నీ నొక్కి చూశారు. తర్వాత మైకు దగ్గరికి తీసుకుని, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు. "ఏమయ్యా, ఇప్పుడు నేను ఉన్నట్టా, పోయినట్టా?"

కాంపౌండరు ఒక్కసారి తలెత్తి రెండో వరుస కేసి చూశాడు. పై అధికారి బ్యాడ్జీ సర్దుకుంటున్నట్టు నటిస్తూ, చూపుడువేలు కుడివైపు పెట్టింది.

ఆయన కుడివైపు పరిగెత్తాడు. మోకాళ్ళమీద కూర్చుని, మందుల పెట్టె తెరిచాడు. ఎడమవైపు మంత్రిగారు మాయమైపోయారు. తెర మూలని అంకె మారింది: ఆటలో ఉన్నవారు: 2. దాని పైన పది లక్షల బ్యానరు అలాగే ఉంది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తలుపు లేచాడు. ఒళ్ళు దులుపుకున్నట్టు అటూ ఇటూ కదిలాడు. తెరమీద, గోడంత పెద్ద అక్షరాల్లో, ఒక ముక్క వచ్చింది:

"రేపు అంటే ఇంతసేపా అన్నయ్యా?"

కాంపౌండరు ఒక్కొక్క మీటే వెతుక్కుని టైపు చేశాడు:

"ట్రాఫిక్, తమ్ముడూ."